రెసిడెన్షియల్ స్కూళ్ల ప్రాజెక్టులో నాకు చోటుంటుందా?

ప్రశ్న: మాది హనుమకొండ. కెనడాలోని విన్నిపెగ్‌లో ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ డిప్లొమా పూర్తిచేశాను. రెసిడెన్షియల్ స్కూళ్ల బాధితుల కోసం పనిచేసే మూలవాసుల సంస్థ ఒకటి ప్రాజెక్ట్ మేనేజర్ కావాలంటోంది. "మనకెందుకమ్మా ఆ గొడవ, ఐటీ చూసుకో" అంటున్నారు నాన్న. ఏం చేయమంటారు?

జవాబు: అప్లై చేయండి. అయితే మేనేజర్ పోస్టుకు కాదు, ముందు కోఆర్డినేటర్‌గా దారి వెతకండి.

రెసిడెన్షియల్ స్కూల్ అనగానే నాన్నగారికి గురుకులం గుర్తొచ్చి ఉంటుంది. మన దగ్గర ఆ సీటు కోసం పిల్లలు పరీక్ష రాస్తారు. కెనడాలో జరిగింది వేరు. ప్రభుత్వం డబ్బిచ్చి, చర్చిలతో నడిపించిన ఆ బడులకు లక్షా యాభై వేలమందికి పైగా మూలవాసుల పిల్లల్ని తరలించారు. సొంత భాష మాట్లాడితే శిక్షించారు. వేలమంది ఇంటికి తిరిగి రాలేదు. చివరి బడి మూతపడింది 1990ల్లోనే. అంటే అందులో చదివినావిడే రేపు మీ పక్క కుర్చీలో కూర్చోవచ్చు. ఇది మ్యూజియంలో పెట్టేసిన చరిత్ర కాదని నాన్నగారికి చెప్పండి.

ఇక పని సంగతి. ఈ బడుల్లో జరిగినదానిపై విచారించిన సత్యశోధన, సయోధ్య కమిషన్ 2015లో 94 సిఫార్సులు చేసింది. వాటిలో 71 నుంచి 76 వరకు తప్పిపోయిన పిల్లలు, వాళ్ల సమాధుల గురించినవి. ఇలాంటి ప్రాజెక్టుల్లో చర్చి రికార్డులు రాబట్టాలి, పెద్దల వాంగ్మూలాలు సేకరించాలి, నేలను రాడార్‌తో సర్వే చేయించాలి. మీ గాంట్ చార్ట్‌లో (ఏ పని ఎప్పుడో చూపే పట్టికలో) బుధవారం మీటింగ్ ఉంటుంది. మంగళవారం ఊళ్లో ఎవరైనా చనిపోతే ఆ వారం పనులన్నీ ఆగుతాయి. నిధులిచ్చిన ప్రభుత్వ శాఖేమో మార్చి 31 లోపు లెక్కలు కావాలంటుంది (అవును, అక్కడా అదే తేదీ). ఆ ఒత్తిడి ఊరిమీద పడకుండా చూసుకోవడమే మీ ఉద్యోగం. సేకరించిన సమాచారం కూడా ఆ సముదాయానిదే. ఎక్కడ దాచాలో, ఎవరికి చూపాలో వాళ్లే చెబుతారు. మూలవాసుల సమాచారంపై హక్కు, అదుపు వాళ్లవేనని చెప్పే ఓక్యాప్ (OCAP) సూత్రాలు చదివితే ఇది అర్థమవుతుంది.

మేనేజర్ పోస్టు వద్దన్నది ఇందుకే. ఏం చేయాలో ఆ ఊరివాళ్లు నిర్ణయించాలి. బడ్జెట్లు, రిపోర్టులు, ఫాలోఅప్ చూసుకునే మనిషి కూడా వాళ్లకు కావాలి, అది మీకు వచ్చిన పనే. మూలవాసుల అభ్యర్థులకు ప్రాధాన్యం ఇస్తే బాధపడకండి, అది న్యాయమే.

ఇంటర్వ్యూలో "మేమూ బ్రిటిష్ పాలనలో నలిగినవాళ్లమే" అని మాత్రం మొదలుపెట్టకండి. మనవాళ్లు చాలామంది చేసే పొరపాటిది. ఈలోగా అల్బర్టా యూనివర్సిటీ ఉచితంగా ఇచ్చే 'ఇండిజినస్ కెనడా' ఆన్‌లైన్ కోర్సు చేయండి. ఆ కమిషన్ రికార్డులను కాపాడే జాతీయ కేంద్రం విన్నిపెగ్‌లోనే, మానిటోబా యూనివర్సిటీలో ఉంది. ఆ బడుల బాధితులను గుర్తుచేసుకునే సెప్టెంబర్ 30 కార్యక్రమాలకు వెళ్లండి, వాలంటీరుగా పని అడగండి.

జీతం ఐటీలో వచ్చినంత రాకపోవచ్చు. చాలా పోస్టులు నిధులున్నన్నాళ్లే ఉంటాయి. ఆఫర్ చేతికొచ్చాక, సంతకం పెట్టేముందు, నిధులు ఏ నెల వరకు ఖాయమో అడిగి తెలుసుకోండి.