చిక్కదనానికీ మీగడకీ మధ్య రమ్ము

సందేహం: న్యూజెర్సీలో మా పక్కింటివాళ్లది ప్యూర్టో రికో. క్రిస్మస్‌కి వాళ్లు ‘కొకీటో’ అని కొబ్బరిపాలూ రమ్మూ కలిపి ఒక పానీయం చేస్తారు. ఆ తయారీని తెలుగులో రాశాను. ‘క్రీమీగా ఉండాలి’ అనడానికి ‘మీగడలా ఉండాలి’ అని రాస్తే మా అమ్మ నవ్వింది. ‘పాలు విరిగిందేమో చూడండి’ అన్నదాని కింద గీత గీసింది. ఏది సరి?

సమాధానం: రెండు చోట్లా మీ అమ్మగారిదే ఒప్పు.

మీగడ అంటే పైన కట్టేది. మీగాలు (పాదం పైభాగం) అన్న మాటలో ఉన్న ‘మీ’యే ఇందులోనూ ఉంది; ‘మీద’ కూడా ఆ ఇంటి మాటే. గ్లాసులోది మొత్తం మీగడలా ఉందంటే తాగేదా, చెంచాతో తీసుకు తినేదా అన్న అనుమానం వస్తుంది. రామదాసు దాశరథీ శతకంలో ‘చిక్కని పాలపై మిసిమి జెందిన మీగడ’ అన్నాడు. చిక్కదనం పాలది, మిసిమి మీగడది. ఏ మాట దేనికో అక్కడే తేలిపోయింది. (రాముడి రూపానికి చెప్పిన పోలికని రమ్ము దాకా లాగినందుకు భక్తులు మన్నించాలి.)

మీ కొకీటోలోనే ఈ తేడా కంటికి కనిపిస్తుంది. కొబ్బరిపాలు, కండెన్స్‌డ్ మిల్క్, తీపి కొబ్బరి క్రీమ్, ఒక కప్పు తెల్ల రమ్ము, దాల్చినచెక్క పొడి, చిటికెడు జాజికాయ కలిపి సీసాలో పోసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచారనుకోండి. పొద్దున చూస్తే కొబ్బరి కొవ్వు పైకి తేలి, సీసా మెడ దగ్గర తెల్లగా గట్టిపడి ఉంటుంది. మీగడ అనవలసింది దాన్ని. సీసా బాగా కుదిపి గ్లాసులోకి వంచితే జారేది ‘చిక్కన’. కాబట్టి ‘మీగడ కలిసిపోయేదాకా కుదపండి, చిక్కగా, నున్నగా ఉండాలి’ అని రాయండి. డబ్బాలో దొరికే తీపి కొబ్బరి క్రీమ్‌ని మాత్రం క్రీమ్‌గానే ఉంచండి. ‘కొబ్బరి మీగడ’ అంటే కోనసీమలో చదివేవాళ్లు కొబ్బరి తురిమి, మొదటి పాలు పిండి, పైన తేలింది తీసి వేస్తారు. అందులో పంచదార ఉండదు!

ఇక పాలు. నీళ్లలాగే ఇదీ నిత్య బహువచనం. ఆవువైనా, కొబ్బరివైనా, జిల్లేడువైనా సరే, పాలు పొంగుతాయి, మరుగుతాయి, విరుగుతాయి. తెలంగాణలో ‘పాలు పలిగినయి’ అంటారు. మాట మారినా బహువచనం మారలేదు. తోడు వేస్తే తోడుకోవడం వేరు, పులుపు తగిలి విరగడం వేరు. మీరు భయపడినట్టు రమ్ముకి ఈ చిక్కటి తీపి పాలు మామూలుగా విరగవు, నిమ్మకాయ పిండితే విరుగుతాయి. కావాలని విరగ్గొట్టే పద్ధతీ ఉంది. 1763లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒక మిత్రుడికి రాసి పంపిన మిల్క్ పంచ్‌లో బ్రాందీ, నిమ్మరసం ఉన్నదాంట్లో మరిగిన పాలు పోసి, విరిగాక వడకట్టమన్నాడు. వాటంతట అవి అయితే ‘విరిగాయి’, మనం చేస్తే ‘విరగ్గొట్టాం’. రసగుల్లాలు చేసేవాళ్లకి ఈ వ్యాకరణం ఎవరూ నేర్పలేదు, అయినా తప్పరు.

‘రమ్’ అనాలా ‘రమ్ము’ అనాలా అని మీరు అడగలేదు గానీ, బస్సు, జిన్ను వరసలో రమ్ము అనడమే మన నోటికి సహజం. గ్రాంథికంలో ‘రమ్ము’ అంటే ‘రా’ అని కదా అని ఒకరు నాతో వాదించారు. ‘ఒక కప్పు రమ్ము’ అన్నప్పుడు ఎవరూ లేచి రారు.

మరొకటి, మీరు ‘అన్నీ వేసి చిలకండి’ అని రాశారు. చిలికితే వెన్న పడాలి. ‘మిక్సీలో వేసి ఒక తిప్పు తిప్పండి’ అంటే చాలు.