సెల్టా ఫీజు కోసం చీటీ పాడాలా?

ప్రశ్న: నా వయసు 36. ఎం.ఏ. ఇంగ్లీష్, బి.ఇడి. చేశాను. ఒక ప్రైవేటు పాఠశాలలో పదకొండేళ్లుగా ఇంగ్లీష్ చెబుతున్నాను. జీతం రూ.26,000. మా వారి జీతం రూ.38,000. అమ్మాయి ఎనిమిదో తరగతి. ఇక పిల్లలకు కాకుండా పెద్దవాళ్లకు ఇంగ్లీష్ నేర్పాలని, అందుకు కేంబ్రిడ్జ్ వారి సెల్టా బోధనా శిక్షణ తీసుకోవాలని ఉంది. ఫీజు రూ.1,60,000. దసరాకు ఉద్యోగం మానేసి, రూ.2 లక్షల చీటీ పాడి, ఆ డబ్బుతో చేరుదామనుకుంటున్నాను. తర్వాత గల్ఫ్‌లోనో, ఇంటి నుంచి ఆన్‌లైన్‌లోనో పని దొరుకుతుందంటున్నారు. చీటీ పాడమంటారా, విద్యారుణం తీసుకోమంటారా? – ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: శిక్షణ తీసుకోండి. ఈ దసరాకు మాత్రం రాజీనామా ఇవ్వకండి. చీటీ అసలే పాడకండి.

మీరు పంపిన ఇంటి ఖర్చుల చిట్టా చూశాను. అద్దె 11,000, సరుకులు, పాలు, కూరగాయలు 14,000, అమ్మాయి బడి ఫీజు నెలకు సగటున 6,000, పెట్రోలు 4,000, అత్తగారి మందులు 3,500, సుకన్య సమృద్ధి 3,000, బీమా 2,500, చీటీ 10,000, ఇతరాలు 5,000. అన్నీ కలిపితే 59,000. ఇద్దరి జీతాలు 64,000. నెలకు మిగిలేది 5,000. బ్యాంకులో ఉన్న డిపాజిట్ 90,000. మీ జీతం ఆగిన నెల నుంచి ఇంటికి 21,000 తక్కువ పడుతుంది. ఆ 90,000 నాలుగు నెలలు నెట్టుకొస్తుంది. దసరాకు మానేస్తే శివరాత్రికల్లా చేతిలో ఏమీ ఉండదు.

శిక్షణకు ఒక నెల, పని కుదరడానికి మరో అయిదు నెలలు అనుకున్నా, ఆరు నెలల జీతం 1,56,000 వదులుకుంటారు. అంటే మీరు 1,60,000 అనుకుంటున్న ఖర్చు నిజానికి మూడు లక్షలు దాటుతుంది. చీటీ పాడితే దానికి ఇంకో 30,000 చేరుతుంది. అదెలాగో చూడండి.

మీది ఇరవై నెలల చీటీ, ఎనిమిది నెలలు కట్టారు. ఇప్పుడు 40,000 తగ్గించి పాడితే 1,60,000 చేతికొస్తుందని రాశారు. చివరి దాకా ఆగితే అయిదు శాతం కమిషన్ పోను 1,90,000 వస్తుంది. ప్రతి పాటలో సభ్యులకు పంచే డివిడెండు ఎలా చూసినా ఒకటే కాబట్టి దాన్ని పక్కన పెట్టవచ్చు. 1,60,000 ఏడాది ముందు తీసుకున్నందుకు మీరు వదులుకునేది 30,000. ఇది 18.75 శాతం. మన వాడుకలో చెప్పాలంటే నూటికి నెలకు రూపాయిన్నర పైమాటే. బ్యాంకులో గాజులు తాకట్టు పెట్టినా రూపాయి వడ్డీ దాటదు. పైగా చీటీ పాడుకున్నాక జామీనుదారులను వెతకాలి. ఆ సమయానికి మీ ఉద్యోగం ఉండదు. జామీను సంతకానికి ఎవరి ఇంటికి వెళ్లినా మొదట అడిగేది మీ ఉద్యోగం గురించే.

విద్యారుణం సంగతి. పన్ను కలిసొస్తుందని దాన్ని తీసుకోమనేవాళ్లు ఉంటారు. కానీ దాని వడ్డీ మీద పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలోనే వర్తిస్తుంది. మీ ఇద్దరి ఆదాయాలూ విడివిడిగా కొత్త విధానంలో పన్ను పడే స్థాయిలో లేవు. లేని పన్నును తగ్గించుకోవడానికి అప్పు చేయడంలో అర్థం లేదు.

ఇక శిక్షణ గురించి. సెల్టా కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం తరఫున ఇచ్చే ధ్రువపత్రం. పూర్తికాలం చేస్తే నాలుగైదు వారాలు, పార్ట్‌టైమ్‌లో కొన్ని నెలలు పడుతుంది. 2020 తర్వాత పూర్తిగా ఆన్‌లైన్‌లో కూడా చేసే వీలు వచ్చింది. కనీసం 120 గంటల శిక్షణ. అందులో ఆరు గంటలు, నిజంగా ఇంగ్లీష్ నేర్చుకోవడానికి వచ్చిన పెద్దవాళ్ల ఎదుట, రెండు వేర్వేరు స్థాయుల తరగతుల్లో, శిక్షకులు వెనక కూర్చుని చూస్తుండగా పాఠం చెప్పాలి. మరో ఆరు గంటలు అనుభవజ్ఞుల పాఠాలు గమనించాలి. నాలుగు రాత అసైన్‌మెంట్లు ఉంటాయి. చివర్లో పరీక్ష లేదు. ప్రతి పాఠాన్నీ బేరీజు వేస్తూనే ఉంటారు. ఆ ఆరు గంటల కోసమే ఇంత ఫీజు కట్టడం సబబు అంటాను. ‘120 గంటల సర్టిఫికెట్’ అంటూ కొన్ని వేలకే ఆన్‌లైన్‌లో అమ్మేవాటిలో సాధారణంగా ఈ భాగమే ఉండదు. గంటల సంఖ్య ఒకటే కదా అని వాటిని సెల్టాతో సమానంగా చూడకండి.

మీ పదకొండేళ్ల అనుభవం గురించి ఒక మాట. అది మీకు బలమే, కానీ మొదటి వారంలో అదే అడ్డు తగలవచ్చు. నలభై మంది పిల్లల గదిలో టీచరు గొంతే వినిపించాలి. సెల్టాలో అందుకు పూర్తిగా ఎదురు: మీరు తక్కువ మాట్లాడి నేర్చుకునేవారి చేత ఎక్కువ మాట్లాడించాలి. యాభై ఏళ్ల కాంట్రాక్టరును పదిమంది ముందు ‘తప్పు, మళ్లీ చెప్పు’ అంటే మర్నాడు తరగతికి రాడు. ఇంగ్లీష్ రాదని ఇంట్లో పిల్లల ముందే చిన్నబోయినవాళ్లు, ఎన్నో ఏళ్లు ఆ మాట దాచుకుని ధైర్యం చేసి వస్తారు. వాళ్లకు నేర్పాలన్న మీ కోరిక నాకు ఎంతో నచ్చింది. అందుకే ఈ శిక్షణను మీరు నిశ్చింతగా పూర్తి చేయాలని నా పట్టుదల. పూర్తికాలం కోర్సులో ఆ నాలుగు వారాలు రాత్రి పొద్దుపోయేదాకా పాఠ ప్రణాళికలతోనే గడుస్తాయి. తప్పితే కట్టిన ఫీజు తిరిగి రాదు. నెలాఖరు అద్దె బెంగతో ఆ పని చేయలేరు.

మరి ఎప్పుడు? వచ్చే వేసవి సెలవుల్లో. మన పాఠశాలలకు ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులు. నాలుగైదు వారాల పూర్తికాలం కోర్సు అందులో చక్కగా ఇమిడిపోతుంది. రాజీనామా అక్కరలేదు. చాలా ప్రైవేటు పాఠశాలలు వేసవిలో టీచర్లను అడ్మిషన్ల ప్రచారానికి ఇంటింటికీ పంపుతాయని నాకు తెలుసు. మీ దగ్గరా ఆ పద్ధతి ఉంటే, సంక్రాంతి సెలవుల తర్వాత వెంటనే యాజమాన్యంతో మాట్లాడి ఒక నెల జీతం లేని సెలవు అడగండి. అది దొరకకపోతే పార్ట్‌టైమ్ కోర్సు ఉండనే ఉంది.

ఈలోగా మీకు తొమ్మిది నెలలు ఉన్నాయి. ఈ తొమ్మిది నెలల్లో పెద్దవాళ్లకు పాఠం చెప్పడం మొదలుపెట్టండి. సర్టిఫికెట్ వచ్చేదాకా ఆగవద్దు. వారంలో మూడు సాయంత్రాలు ఫోన్‌లో, ఆదివారం ఉదయం ఇంట్లో. ఎవరు వస్తారంటారా? విదేశం వెళ్లాలని ఐఈఎల్‌టీఎస్, ఓఈటీ లాంటి ఇంగ్లీష్ పరీక్షలకు చదివే నర్సులు మీ ఊళ్లోనే ఉంటారు. అమెరికాలో మనవల దగ్గరకు వెళ్లబోయే అమ్మమ్మలు, కస్టమర్లతో ఇంగ్లీష్‌లో మాట్లాడాల్సి వచ్చిన దుకాణదారులు, ఇంజినీరింగ్ చదివి ఇంటర్వ్యూలో నోరు పెగలని కుర్రాళ్లు ఉంటారు. మొదటి రెండు నెలలు ముగ్గురే వచ్చారనుకుందాం. మనిషికి నెలకు 2,000 చొప్పున 12,000. తర్వాతి ఏడు నెలలు ఆరుగురు వస్తే 84,000. మొత్తం 96,000. నెలనెలా మిగిలే 5,000 తొమ్మిది నెలలకు 45,000. రెండూ కలిపితే 1,41,000. ఫీజుకు ఇంకా 19,000 కావాలి. అది డిపాజిట్ నుంచి తీయండి. అప్పు లేదు, చీటీ పాడే పని లేదు, గాజులు చేతికే ఉంటాయి. మీ నియామక పత్రంలో బయట ట్యూషన్లు చెప్పకూడదన్న షరతు ఉందేమో ముందు చదువుకోండి. ఉంటే అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి.

ఈ ఆరుగురూ దొరకకపోతే? అప్పుడు ఈ పాఠాలకు గిరాకీ లేదన్న సంగతి ఫీజు కట్టకముందే తెలిసిపోతుంది. 1,60,000 పోసి తెలుసుకునే బదులు ఖర్చు లేకుండా తెలుసుకుంటారు. అప్పుడు హైదరాబాద్‌లోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ) దూరవిద్యలో నడుపుతూ వచ్చిన ఆంగ్ల బోధన పీజీ సర్టిఫికెట్ కోర్సు పీజీసీటీఈని చూడండి. 1958లో ఆంగ్ల బోధనకోసమే పుట్టిన సంస్థ అది. ఖర్చు సెల్టాలో కొద్ది వంతే. అయితే గమనించండి, విదేశీ భాషా సంస్థలు పేరు పెట్టి అడిగేది సెల్టానే. ఇక్కడి బడుల్లో, డీఎస్సీలో మాత్రం సెల్టాకు విలువ లేదు, మీ బి.ఇడి.కే ఉంది. అది ఎప్పటికీ మీకు వెనుదన్ను.

గల్ఫ్ విషయంలో మిమ్మల్ని నిరుత్సాహపరచాలని కాదు గానీ, ‘సెల్టా ఉంటే ఉద్యోగం ఖాయం’ అన్న మాట నమ్మకండి. అక్కడి మంచి సంస్థలు డిగ్రీ, సెల్టాతో పాటు పెద్దవాళ్లకు బోధించిన అనుభవం అడుగుతాయి. బడిలో చెప్పిన పదకొండేళ్లను వాళ్లు ఆ లెక్కలో వేయకపోవచ్చు. బ్రిటన్, అమెరికా లాంటి దేశాల పాస్‌పోర్టు ఉన్నవారినే అడిగే ప్రకటనలు ఇప్పటికీ ఉన్నాయి. అది అన్యాయమే, కానీ మన లెక్కలో దాన్ని కూడా వేసుకోవాలి. ఏజెంటు ద్వారా వెళ్తే అతనికి భారత విదేశాంగ శాఖ లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడండి. లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోదగ్గ రుసుము గరిష్ఠంగా రూ.30,000, దానిపై జీఎస్‌టీ. అంతకు మించి అడిగితే లేచి వచ్చేయండి.

మీ ఉత్తరంలో లేని ఒక విషయం మీకు తప్పక చెప్పాలి. అదే గ్రాట్యుటీ. ప్రైవేటు టీచర్లలో చాలామందికి ఈ హక్కు ఉందనే తెలియదు. ఎంతోమంది పదేళ్లు, పదిహేనేళ్లు పనిచేసి ఒక శాలువా కప్పించుకుని ఇంటికి వెళ్లిపోవడం చూసి బాధపడ్డాను. 2009లో చట్టాన్ని సవరించి, 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేలా టీచర్లను గ్రాట్యుటీ పరిధిలోకి తెచ్చారు. ప్రైవేటు పాఠశాలలు దాన్ని సవాలు చేస్తే 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. పదిమంది, అంతకు మించి సిబ్బంది ఉన్న పాఠశాలలో అయిదేళ్లు నిండితే చాలు. లెక్క ఇది: చివరి నెల జీతాన్ని 26తో భాగించి, 15తో హెచ్చించి, పనిచేసిన సంవత్సరాలతో హెచ్చించాలి. మీ 26,000 మొత్తం మూల వేతనం, కరవు భత్యమే అయితే ఏడాదికి 15,000. పదకొండేళ్లకు 1,65,000. అంటే మీ సెల్టా ఫీజు కంటే ఎక్కువ! జీతంలో కొంత ఇతర భత్యాలుగా చూపించి ఉంటే ఈ మొత్తం తగ్గుతుంది. అందుకే జీతం చీటీలు, నియామక పత్రం, పీఎఫ్ పాస్‌బుక్ ఇప్పుడే ఒక ఫైల్లో పెట్టుకోండి. మానేసిన నెల రోజుల్లోపు రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ డబ్బు చేతికి వచ్చేదాకా మాత్రం ఏ లెక్కలోనూ వేసుకోకండి.

మిగిలినవి చిన్న విషయాలు. సుకన్య ఖాతా మీద ఇప్పుడు 8.2 శాతం వడ్డీ వస్తోంది, దాన్ని ఆపకండి. డబ్బుకు బాగా కటకటైతే కొన్నాళ్లు తగ్గించండి. ఏడాదికి కనీసం 250 కడితే ఖాతా చెల్లుబాటులో ఉంటుంది. ఆ డబ్బు అమ్మాయిది, మీ ఫీజుకు తీయడానికి నిబంధనలూ ఒప్పుకోవు. ఏదైనా కోచింగ్ సంస్థకు పాఠాలు చెప్పి ఏడాదికి 50,000 దాటి తీసుకుంటే వాళ్లు పది శాతం టీడీఎస్ కోస్తారు. రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోండి. ఫీజు కట్టే ముందు ఆ శిక్షణ కేంద్రం పేరు కేంబ్రిడ్జ్ వారి అధికారిక జాబితాలో ఉందో లేదో చూడండి. వాయిదాల్లో కట్టనిస్తారా, మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారు అన్నది కాగితం మీద అడగండి. ప్రవేశానికి ముందు వ్యాకరణం మీద రాత పని, ఇంటర్వ్యూ ఉంటాయి. ఆ వ్యాకరణం కోసం దసరా సెలవులు వాడుకోండి.

ఇప్పుడు రాజీనామా ఎప్పుడన్నది. వచ్చే ఏడాది ఇదే సమయానికి మీ చీటీ పూర్తవుతుంది. 1,90,000 వస్తుంది. మిగిలిన డిపాజిట్ 71,000తో కలిపితే 2,61,000. దాన్ని కదిలించకుండా బ్యాంకులో వేయండి. చీటీ వాయిదా 10,000 తప్పుతుంది కాబట్టి ఇంటి ఖర్చు 49,000కు దిగుతుంది. మీ వారి జీతం 38,000 పోను తగ్గేది 11,000. అప్పటికి మీ దగ్గర ఆరుగురు నేర్చుకుంటూ ఉంటే నెలకు 12,000 వస్తోంది. వచ్చే ఏడాది దసరాకు రాజీనామా ఇవ్వండి. గ్రాట్యుటీ కూడా అప్పటికి పన్నెండేళ్లకు లెక్కకడతారు.

ఈ ఆదివారం ఎంతమంది వచ్చారో నాకు రాయండి.