పన్ను తీయించిన మూడో రోజు నొప్పి పెరిగితే మందుల షాపుకు కాదు, డాక్టరు దగ్గరకే వెళ్లండి

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. గాజువాకలో మాతోనే ఉంటుంది. షుగర్, బీపీ ఉన్నాయి. మూడేళ్ల క్రితం గుండెకు స్టెంట్ వేశారు, అప్పటి నుంచి రోజూ ఆస్పిరిన్ 75 వేసుకుంటోంది. పోయిన శనివారం రాత్రి కుడి వైపు కింది దవడ వాచి, నొప్పితో తెల్లవార్లూ కూర్చునే ఉంది. మర్నాడు ఆదివారమైనా దగ్గర్లోని డాక్టరు క్లినిక్ తెరిచి దవడ పన్ను తీసేశారు. రెండు రోజులు హాయిగా ఉంది. మూడో రోజు రాత్రి నుంచి చెవి, కణత వరకు లాగుతూ పోటు. నోటి నుంచి చెడు వాసన. మందుల షాపులో అడిగితే యాంటీబయాటిక్ మార్చి ఇచ్చారు, తగ్గలేదు. వాపు ఉండగా పన్ను తీయించడం వల్లే ఇలా అయిందని బంధువులు అంటున్నారు. చీము పడుతుందని పప్పు, పెరుగు మానిపించారు. రక్తం ఆగదేమోనన్న భయంతో ఆస్పిరిన్ మేమే ఆపేశాం. అమ్మకు అడ్డచుట్ట (నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే చుట్ట) అలవాటు. ఎంత వద్దన్నా రెండో రోజే మళ్లీ వెలిగించింది. వచ్చే వారం సింహాచలం గిరి ప్రదక్షిణ మొక్కు ఉంది. నడవవచ్చా?
– ఒక పాఠకురాలు, గాజువాక

సమాధానం: మీరు రాసిన లక్షణాలను బట్టి మీ అమ్మగారికి వచ్చింది ‘డ్రై సాకెట్’ అయి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉంది. ఇది చదవగానే పన్ను తీసిన డాక్టరుకు ఫోన్ చేసి, ఈరోజే అమ్మగారిని తీసుకెళ్లండి. డ్రై సాకెట్ ప్రాణం మీదికి తెచ్చేది కాదు. కానీ డాక్టరు దగ్గర కుర్చీలో కాసేపు కూర్చుంటే తగ్గే నొప్పిని ఆమె రాత్రుళ్లు నిద్ర లేకుండా భరిస్తున్నారు. అంత బాధ ఆమె పడనవసరం లేదు.

పన్ను తీసిన గుంటలో రక్తం నిండి గడ్డకడుతుంది. మోకాలి గాయం మీద పెచ్చు కట్టినట్టే, ఆ గడ్డ అడుగున ఉన్న ఎముకను, నరాల కొనలను కప్పి ఉంచుతుంది. కొత్త కండ దానిలోకే అల్లుకుంటూ వస్తుంది. ఆ గడ్డ ముందుగానే కరిగిపోయినా, ఊడిపోయినా ఎముక బయటపడుతుంది. దానికి గాలి తగిలినా, చల్లని నీళ్లు తగిలినా, మెతుకు తగిలినా ప్రాణం విలవిల్లాడుతుంది. ఈ నొప్పికి ఒక తీరు ఉంది. పన్ను తీసిన రోజు మొదలు కాదు. రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య, అంతా సర్దుకుందని అనుకున్నాక వస్తుంది. మామూలు నొప్పి రోజురోజుకూ తగ్గుతుంది, ఇది తగ్గి మళ్లీ పెరుగుతుంది. కింది దవడకు వెళ్లే నరానికి చెవి ముందు భాగంతోనూ, కణతతోనూ సంబంధం ఉంది కాబట్టే పోటు అక్కడిదాకా లాగుతుంది. చెవిలో చుక్కలు వేయించుకుని, అవి పనిచేయక మా దగ్గరకు వచ్చేవారు చాలామందే ఉంటారు.

మామూలుగా పన్ను తీయించుకున్నవారిలో నూటికి ఇద్దరి నుంచి ఐదుగురికి ఇలా అవుతుంది. పై దవడ కంటే కింది దవడలో, అందులోనూ వెనక పళ్లకు ఎక్కువ. పొగ తాగేవారికి మరీ ఎక్కువ. డాక్టరు పని చెడగొట్టారని దీని అర్థం కాదు. కాబట్టి నిష్ఠూరం పెట్టుకుని వేరే క్లినిక్ వెతకకండి. ఏ పన్ను ఎలా వచ్చింది, వేరు విరిగిందా, ఎముక ఎంత తీయవలసి వచ్చింది అన్నవి తెలిసినది ఆయనకే.

అక్కడ ఏం చేస్తారో ముందే తెలిస్తే అమ్మగారికి భయం తగ్గుతుంది. గోరువెచ్చని సెలైన్‌ను సూది లేని సిరంజిలో తీసుకుని గుంటను మెల్లగా కడుగుతారు. ఇరుక్కున్న మెతుకులు, బూడిద రంగు పొర బయటకు వస్తాయి. ఆ తర్వాత లవంగ నూనెలోని యూజినాల్ కలిసిన మందును సన్నని గాజ్ గుడ్డ పట్టీకి పట్టించి గుంటలో వదులుగా ఉంచుతారు. నోరంతా లవంగం ఘాటు వస్తుంది. చాలామందికి గంటలోపే పోటు దిగిపోతుంది. ఆ పట్టీని ఒకటి రెండు రోజులకోసారి మార్చవలసి రావచ్చు. పట్టీ పెట్టి వదిలేయకూడదు, తీయించుకోవడానికి తప్పకుండా వెళ్లాలి. వారం పది రోజుల్లో లోపలి నుంచి కండ వచ్చి ఎముకను కప్పేస్తుంది. ఇదంతా చదివి ఇంట్లోనే లవంగ నూనె గుంటలో పోయకండి. పలచన చేయని నూనె చిగురును కాల్చేస్తుంది. ఆస్పిరిన్ బిళ్ల నలిపి పెట్టినా అంతే.

యాంటీబయాటిక్ మార్చినా ఎందుకు తగ్గలేదో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. బయటపడిన ఎముకను యాంటీబయాటిక్ కప్పలేదు. డ్రై సాకెట్‌కు మామూలుగా ఆ మందుతో పనే లేదు. జ్వరం, చీము, వాపు మళ్లీ పెరగడం వంటివి ఉంటే అవసరమో కాదో డాక్టరు నిర్ణయిస్తారు. మందుల షాపులో ఇచ్చిన స్ట్రిప్‌ను, డాక్టరు మొదట రాసిన చీటీని రెండింటినీ వెంట తీసుకెళ్లండి. ఒకే మందు రెండు పేర్లతో వేసుకుంటూ ఉండవచ్చు.

ఇక బంధువుల మాట. వాపు ఉండగా పన్ను తీయకూడదన్న నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. నిజానికి వేరు దగ్గర చీము పట్టి దవడ వాచినప్పుడు, చీముకు కారణమైన పన్ను తీయడమో, చీము బయటకు పోయే దారి చేయడమో అసలు వైద్యం. మాత్రలు దానికి తోడు మాత్రమే. వాచిన చోట మత్తు సూది సరిగా పట్టదు. అందుకే కింది దవడకు వెనక, వాపుకు దూరంగా నరం దగ్గర సూది వేస్తారు. అప్పటికీ మత్తు పట్టకపోతేనో, నోరు తెరుచుకోకపోతేనో ఒకటి రెండు రోజులు మందులిచ్చి ఆగుతారు. షుగర్ ఉన్నవారిలో ఇన్ఫెక్షన్ ఉన్నంతకాలం షుగర్ దిగిరాదు, షుగర్ దిగనంతకాలం ఇన్ఫెక్షన్ తగ్గదు. ఆ రాత్రి మీరు ఆలస్యం చేయకపోవడం, ఆ డాక్టరు ఆదివారం క్లినిక్ తెరవడం మీ అమ్మగారికి మేలే చేశాయి. ఆ విషయంలో మనసు కష్టపెట్టుకోకండి.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆస్పిరిన్ సంగతి. స్టెంట్ ఉన్నవారు దాన్ని సొంతంగా ఆపకూడదు. స్టెంట్‌లో రక్తం గడ్డకడితే గుండెపోటు వస్తుంది. పన్ను తీసిన చోట రక్తం కాస్త ఎక్కువసేపు ఊరినా, గాజ్ గుడ్డను గట్టిగా కొరికిపట్టి ఉంచితేనో, ఒక కుట్టు వేస్తేనో ఆగుతుంది. ఈ రెండు ప్రమాదాలకూ పోలికే లేదు. ఒక పన్ను తీయడానికి ఆస్పిరిన్ ఆపనవసరం లేదన్నది వైద్యుల్లో స్థిరపడిన పద్ధతి. పన్ను తీసి ఇన్ని రోజులైంది, రక్తస్రావం గురించి మీరేమీ రాయలేదు. కాబట్టి ఈ పూటే గుండె డాక్టరుకు ఫోన్ చేసి, ఎన్ని రోజులు ఆపారో చెప్పి, ఆయన చెప్పినట్టు మళ్లీ మొదలుపెట్టండి. అమ్మగారు రక్తం గడ్డకట్టనివ్వని క్లోపిడోగ్రెల్ వంటి మరో మందు కూడా వాడుతుంటే అదీ చెప్పండి.

నొప్పి మాత్ర విషయంలోనూ జాగ్రత్త. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ రకాలు బీపీని పెంచుతాయి, కిడ్నీల మీద భారం వేస్తాయి, గుండె జబ్బు ఉన్నవారికి మంచివి కావు. ఐబుప్రోఫెన్ అయితే ఆస్పిరిన్ చేసే పనికే అడ్డు తగలగలదు. ఆమెకు పారాసెటమాల్ మేలు. లివర్ జబ్బు లేకపోతే 650 మిల్లీగ్రాముల మాత్ర ఆరు గంటలకొకటి చొప్పున రోజుకు నాలుగు మించకుండా వేయవచ్చు. షాపుల్లో దొరికే చాలా నొప్పి మాత్రల్లో డైక్లోఫెనాక్‌తో పాటు పారాసెటమాల్ కూడా కలిసి ఉంటుంది. స్ట్రిప్ వెనక్కి తిప్పి చదివి, రెండూ కలిపి వేయకండి.

పప్పు తింటే చీము పడుతుందన్న మాటలో నిజం లేదు. చీము సూక్ష్మజీవుల వల్ల వస్తుంది. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి, అవి పప్పులో, పెరుగులో, గుడ్డులో ఉన్నాయి. మెత్తగా ఉడికిన పెసరపప్పు అన్నం, పెరుగన్నం, ఇడ్లీ, చోడి (రాగి) అంబలి, ముళ్లు తీసిన వంజరం ముక్క, ఏదైనా కారం తగ్గించి, గోరువెచ్చగా, రెండో వైపు నమలమని పెట్టండి. మురీ మిక్స్చర్, జంతికలు, వేరుశనగ పలుకులు కొన్నాళ్లు వద్దు. కొబ్బరిబోండం మంచిదే, కానీ గ్లాసులో పోసి ఇవ్వండి. స్ట్రాతో పీల్చినప్పుడు నోట్లో పుట్టే లాగుడుకు గడ్డ కదిలిపోతుంది. ఇంకో ముఖ్యమైన మాట. నోరు నొప్పి అని సగం తిని, షుగర్ మాత్ర మాత్రం పూర్తిగా వేసుకుంటే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు, వణుకు, తల తిరగడం కనిపిస్తే వెంటనే రెండు మూడు చెంచాల పంచదార కలిపిన నీళ్లు ఇవ్వండి. ఈ వారం రోజులు ఇంట్లో షుగర్ చూస్తూ ఉండండి. తిండి బాగా తగ్గితే మాత్రల మోతాదు గురించి డాక్టరును అడగండి.

గోరువెచ్చని గ్లాసుడు నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి, తిన్న ప్రతిసారీ నోట్లో పోసుకుని తలను అటూ ఇటూ వంచి వదిలేయమనండి. గట్టిగా పుక్కిలించకూడదు. కొత్తగా పన్ను తీయించుకునే పాఠకులు ఈ ఉప్పునీళ్లు కూడా మొదటి 24 గంటలు వాడకూడదు. ఆ రోజు గాజ్ గుడ్డను అరగంట నుంచి ముప్పావుగంట కొరికిపట్టడం, ఉమ్మి వేయకుండా మింగడం, బయట చెంప మీద ఐస్ పెట్టడం చాలు. ఉమ్మిలో ఎరుపు మర్నాటి వరకు కనిపించవచ్చు. నోరు నిండేలా రక్తం వస్తుంటే మాత్రం మళ్లీ గాజ్ గుడ్డ కొరికిపట్టి డాక్టరు దగ్గరకు వెళ్లాలి. వాపు రెండో రోజు, మూడో రోజు ఎక్కువగా ఉండి ఆ తర్వాత తగ్గడం సహజం.

గిరి ప్రదక్షిణ ఈ ఏడాది వద్దనే చెబుతాను. కొండ దిగువ తొలి పావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరితే హనుమంతవాక, అప్పుఘర్ మీదుగా దాదాపు 32 కిలోమీటర్లు, చాలామంది చెప్పుల్లేకుండా నడుస్తారు. సరిగా తినలేక, నిద్ర లేక, షుగర్ ఇంకా కుదురుకోక ఉన్న మనిషికి, అందులోనూ స్టెంట్ ఉన్నవారికి అది చాలా కష్టం. షుగర్ ఉన్న పాదానికి దారిలో చిన్న రాయి గుచ్చుకున్నా నెలల తరబడి మానని పుండు కావచ్చు. నొప్పి తగ్గాక ఒక మామూలు రోజున బస్సులో కొండెక్కి అప్పన్న దర్శనం చేయించండి. మొక్కు వచ్చే ఆషాఢానికి ఉంటుంది. అప్పుడైనా గుండె డాక్టరు సరేనంటేనే నడవాలి.

ఒక విషయంలో మాత్రం డెంటల్ క్లినిక్ తెరిచేదాకా ఆగకూడదు. నాలుక కింద గట్టిగా వాచి నాలుక పైకి లేచినా, ఉమ్మి మింగలేక కారుతున్నా, మెడ వాచినా, నోరు రెండు వేళ్లంత కూడా తెరుచుకోకపోయినా, మాట ముద్దగా వస్తున్నా, చలిజ్వరం వచ్చినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కింది దవడ పళ్ల ఇన్ఫెక్షన్ నాలుక కిందికి, మెడలోకి దిగితే గంటల్లో శ్వాసనాళాన్ని మూసేయగలదు. 108కి ఫోన్ చేసి కేజీహెచ్ (విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి) క్యాజువాలిటీకి గానీ, రాత్రిపూట ఆపరేషన్ సదుపాయం ఉన్న మరో పెద్దాసుపత్రికి గానీ వెళ్లండి. షుగర్ ఉన్నవారిలో ఇది త్వరగా ముదురుతుంది.

చివరగా అడ్డచుట్ట. ఉత్తరాంధ్ర తీరంలో పనిచేసే దంతవైద్యులందరికీ ఇది తెలిసిన అలవాటే. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే ఈ పద్ధతి విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాల్లో పెద్దవయసు మహిళల్లో ఎక్కువ. నికోటిన్ రక్తనాళాలను ముడుచుకునేలా చేసి గుంటలోకి రక్తం రానివ్వదు, పీల్చే లాగుడు గడ్డను కదిలిస్తుంది, పైగా ఆ వేడి. ఈసారి డ్రై సాకెట్‌కు ఇదే ముఖ్య కారణం అయి ఉండవచ్చు. అయితే అమ్మగారిని దీనికోసం తిట్టకండి. దశాబ్దాల అలవాటు కోప్పడితే పోదు, దాచుకుని కాలుస్తారు. గుంట పూర్తిగా మానేవరకైనా ఆపమని అడగండి. ఆ కొద్ది రోజులు గడిస్తే పూర్తిగా మానే మాట ఎత్తడం తేలిక. నికోటిన్ గమ్ ఇప్పుడు వద్దు, నమలడం గుంటకు మంచిది కాదు. చర్మానికి అంటించే నికోటిన్ పట్టీల సంగతి గుండె డాక్టరును అడగండి.

అసలు భయం అంగిలి గురించి. అడ్డచుట్ట కాల్చేవారిలో నోటి పైకప్పు తెల్లబారుతుంది, ఎర్రని చుక్కలు లేస్తాయి, కొందరిలో అది క్యాన్సర్‌గా మారుతుంది. మొదట్లో నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ చూపించుకోరు. ఈరోజు పట్టీ పెట్టించుకునేటప్పుడు, తల వెనక్కి వాల్చి, కట్టుడు పళ్లు ఉంటే తీసి, లైటు వెలుగులో అంగిలి మొత్తం చూడమని డాక్టరును మీరే అడగండి. ఎర్రని మచ్చో, మూడు వారాలైనా మానని పుండో కనిపిస్తే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపమనండి. క్లినిక్‌లో ఆ వీలు లేకపోతే రుషికొండలోని గీతం డెంటల్ కాలేజీకి గానీ, సంగివలసలోని దంత వైద్య కళాశాలకు గానీ తీసుకెళ్లండి. గాజువాక నుంచి దూరమే, కానీ ఒక పూట కేటాయించి వెళ్లండి. ఏమీ లేదని తేలినా, చుట్ట మానేవరకు ఆరు నెలలకోసారి ఆ పరీక్ష చేయిస్తూనే ఉండాలి.