ముందు మెడికల్, ఆ తర్వాతే మిగతావి

ఆర్మీ హెలికాప్టర్ పైలట్ దరఖాస్తు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉందన్నారు కదండీ. ముందు మెడికల్ సంగతి తేల్చుకోండి. చూపు, రంగులు గుర్తించడం, వినికిడి, శరీర కొలతలు కూడా చూస్తారు. కళ్లకు లేజర్ ఆపరేషన్ జరిగి ఉంటే ఆ కాగితాలన్నీ సిద్ధం చేసుకోండి. ఏదీ దాచొద్దు.

ఆప్టిట్యూడ్ పరీక్షకు బట్టీ పనికిరాదు. ఒకే మెయిన్ రోటర్ (పైన తిరిగే పెద్ద రెక్కలు) ఉన్న హెలికాప్టర్‌లో కలెక్టివ్, అంటే పైకి లేపే లివర్, పైకి లాగితే టార్క్ (తిప్పే బలం) పెరిగి హెలికాప్టర్ ముక్కు పక్కకు తిరుగుతుంది. దాన్ని కాలి పెడల్‌తో ఎందుకు సరిచేస్తారో సొంత మాటల్లో చెప్పగలగాలి. ఇంటర్వ్యూలోనూ ఇది ఉపయోగపడుతుంది.

దరఖాస్తుతో పాటు రాసే వ్యాసంలో చిన్ననాటి కలకు ఒక్క వాక్యం చాలు. ఒత్తిడిలో మీరు తీసుకున్న ఒక నిర్ణయం గురించి వివరంగా రాయండి. సిఫారసు లేఖ మాత్రం పెద్ద హోదా చూసి కాకుండా, మీ పనిని దగ్గరుండి చూసినవారితోనే రాయించుకోండి.