శ్రావణంలో చూడు బిడ్డా

బిడ్డా,

పర్వతగిరి దిక్కు రెండెకరాల పది గుంటలు చూశావని మీ బాపు ఫోన్ చేసి చెప్పాడు. మన ఇంట్లో ఆడపిల్ల సొంత జీతంతో భూమి కొనడం ఇదే మొదలు. కనపడ్డ వాళ్లందరికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఆ చేనుకు దారి చెరువు శిఖంలోంచే, అంటే చెరువు నిండితే నీళ్లు నిలిచే నేలలోంచేనట కదా.

పహాణీ, పాత అమ్మకాలు, తాకట్లు చూపే ఈసీ, రిజిస్ట్రీ చేయకూడని భూముల నిషేధిత జాబితా నువ్వు చూసే ఉంటావు, చదువుకున్నదానివి. అమ్మేవాళ్లకే రోడ్డు పక్కన ఇంకో ముక్క ఉంటే, అందులోంచి నీ చేనుకు బాటను వెడల్పుతో సహా రిజిస్ట్రీలో రాయించు. మధ్యలో లావణి పట్టా, అంటే సర్కారు పేదలకిచ్చిన భూమి ఉంటే ఆ రైతు దగ్గర బాట కొనకు, 1977 చట్టం ప్రకారం ఆ అమ్మకం చెల్లదు.

ఇక నా సంగతి విను. నేను భూమి కొన్నది వైశాఖంలో. చెరువు నెర్రెలు బారి ఉంది. శిఖంలో బండ్ల జాడలు చూపించి "అందరం ఇట్లనే పోతమన్నా" అన్నారు. నమ్మి, ట్రాక్టర్‌తో పది ట్రిప్పుల మొరం పోయించాను. శ్రావణంలో చెరువు నిండింది, మొరం నీళ్ల పాలైంది. పైగా శిఖంలో మట్టి పోసినందుకు నోటీసు! కార్తీకంలో కోతలకు ఆ బురదలో హార్వెస్టర్ దిగలేదు. మీ పెద్దమ్మ, నేను మోపులు నెత్తిన పెట్టుకుని కట్ట ఎక్కాం. ఇంతలో వాన. మిగిలిన వరి పడిపోయి అక్కడే మొలకెత్తింది. మీ పెద్దమ్మ ఒక వెన్ను తెంపి, తెల్లటి మొలకలు నా అరచేతిలో పెట్టింది. ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

నా దగ్గర సర్పంచ్ సంతకం చేసిన కాగితం ఒకటి ఉండేది. సర్కారు భూమిలో బాట రాసిచ్చే హక్కు ఆయనకెక్కడిది? వకీలు చెప్పాడు: ప్రైవేటు భూమైతే 20 ఏళ్లు, సర్కారుదైతే 30 ఏళ్లు అడ్డు లేకుండా, హక్కుగా నడిచినట్టు కోర్టులో రుజువు చేయాలట. బతిమాలి నడిచింది లెక్కకు రాదు.

అందుకే ముందు గ్రామ నక్ష, అంటే ఊరి భూముల పటం నకలు తీసుకో. బండ్ల బాట గీత ఉందా, ఉంటే శిఖంలోంచా, కట్ట పక్కనుంచా? సర్వేయర్‌తో నేల మీద కొలిపించు. గీత లేకపోతే తహసీల్దారు ఆఫీసు, ఇరిగేషన్ ఆఫీసు, రెండింటి చుట్టూ తిరగాలి. నీ ఉద్యోగంలో అంత తీరిక ఎక్కడ? అమ్మేవాళ్లు తొందర పెడితే పెట్టనీ.

కోప్పడుతున్నానని అనుకోకు. శ్రావణంలో నేనే బస్సెక్కి వస్తా. ఇద్దరం కట్ట మీద నిలబడి, నీళ్లలో దిగకుండా నీ చేనుకు పోగలమో లేదో చూద్దాం. దిగాల్సి వస్తే ముందు నేనే దిగుతా, మోకాళ్ల నొప్పుల సంగతి తర్వాత. అప్పటిదాకా బయానా ఇవ్వకు.

మీ పెద్దబాపు