ఎవరూ వాడకపోయినా డేటా అయిపోతోందా?

అన్నా, కడపలో మీ జిరాక్స్ షాపు కంప్యూటర్ ఊరికే ఉన్నా డేటా అయిపోతోందని, స్క్రీన్ మూలన వైరస్ హెచ్చరికలు వస్తున్నాయని అన్నారు. రెండూ వేర్వేరు సంగతులు కావచ్చు.

ముందు డేటా సంగతి. బ్రౌజర్ మూసేసి, స్టార్ట్ మెనూలో రిసోర్స్ మానిటర్ అని వెతికి తెరవండి. నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఏ ప్రోగ్రామ్ ఎంత డేటా లాగుతోందో కనిపిస్తుంది. ఎస్‌వీసీహోస్ట్ (svchost.exe) అని చాలా లైన్లు కనబడితే కంగారు పడొద్దు, అది విండోస్‌దే. కాకపోతే దొంగ ప్రోగ్రాములు కూడా ఆ పేరే పెట్టుకుంటాయి. టాస్క్ మేనేజర్‌లో దాని మీద రైట్ క్లిక్ చేసి ఫైల్ ఎక్కడుందో చూడండి. విండోస్ సొంత ఫైళ్లుండే సిస్టమ్32 ఫోల్డర్‌లో ఉంటే సాధారణంగా టెన్షన్ లేదు. తాత్కాలిక ఫైళ్లుండే టెంప్ ఫోల్డర్‌లో ఉంటే మాత్రం వెంటనే నెట్ తీసేసి, విండోస్ సెక్యూరిటీలో డిఫెండర్ (విండోస్‌తో వచ్చే యాంటీవైరస్) ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి. కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది, పావుగంట పట్టొచ్చు. అందుకే గిరాకీ లేనప్పుడు చేయండి.

మూలన వచ్చేవి చాలాసార్లు వైరస్సే కాదు. నోటిఫికేషన్లు పంపనా అని ఏదో సైట్ అడిగితే ఎవరో 'అలో' నొక్కి ఉంటారు. క్రోమ్ సైట్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్ తెరిచి తెలియని సైట్లన్నీ తీసేయండి. ఆ హెచ్చరికలో ఉన్న నంబర్‌కు మాత్రం ఫోన్ చేయొద్దు.

ఇదంతా తేలేదాకా ఆ కంప్యూటర్‌లో బ్యాంకు పని పెట్టుకోకండి. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.