ఉందని చెప్పం, లేదని చెప్పం

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. రెంచీ కొనన తగిలించే బరువైన సాకెట్ జారిపోయాక ఆ కుర్రాడు తన ఖాళీ అరచేతి వంక చూసుకోవడం బాగుంది. ఆ తర్వాత పేజీకి వచ్చేసరికి నాకు కోపం ముంచుకొచ్చింది. అమెరికాలో అర్కాన్సా రాష్ట్రంలోని డమాస్కస్ ఊళ్లో బాంబు పేల్చేశావు. పుట్టగొడుగు మేఘం లేపావు, పకపకా నవ్వే జనరల్‌ని తెచ్చి నిలబెట్టావు. ఎందుకమ్మా?

జరిగింది చాలదా? 1980 సెప్టెంబరు 18 సాయంత్రం, ఆ డమాస్కస్ దగ్గరే, టైటాన్-2 అనే అణు క్షిపణిని నిలబెట్టిన గోతిలో పని జరుగుతోంది. కొత్త నిబంధన ప్రకారం వాడాల్సిన టార్క్ రెంచీని (ఎంత బలంతో బిగించాలో కొలిచేది) ట్రక్కులో మర్చిపోయి, అలవాటైన రాచెట్ రెంచీతోనే కానిచ్చారు. సాకెట్ ఊడి ఇరవై మీటర్లకు పైగా కిందికి పడి, ఇంధనం ట్యాంకుకి చిల్లు పెట్టింది. తెల్లవారుజామున మూడింటికి పేలింది ఇంధనం. గోతి మీది 740 టన్నుల మూత ఎగిరిపోయింది. ఒక సైనికుడు చనిపోయాడు, 21 మంది గాయపడ్డారు. క్షిపణి కొనన ఉన్న 9 మెగాటన్నుల అణుబాంబు, అంటే వార్‌హెడ్, ఎగిరి దగ్గర్లోనే పడింది. అది పేలలేదు.

నీ కథ అక్కడ మొదలవ్వాలి. ఆ రాత్రి విలేఖరులు అడిగారు, లోపల అణ్వస్త్రం ఉందా అని. ఉందని చెప్పం, లేదని చెప్పం అంది వైమానిక దళం. పార్టీ సభ కోసం ఆ రాష్ట్రంలోనే ఉన్న ఉపాధ్యక్షుడు వాల్టర్ మాండేల్‌కి కూడా మొదట అదే జవాబు! దాచేవాడు నవ్వడమ్మా. ఇస్త్రీ బట్టల్లో వచ్చి, మర్యాదగా, కాగితంలో ఉన్నది చదివి వెళ్లిపోతాడు.

నేను కాలమ్ ఇంచీల లెక్కన డబ్బులు తీసుకునే స్ట్రింగర్‌గా ఉన్నప్పుడు మా ఊరి ఐస్ ఫ్యాక్టరీలో అమ్మోనియా లీకైంది. ఆస్పత్రిలో ఎంతమంది ఉన్నారని అధికారిని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ "పరిస్థితి అదుపులో ఉంది" అన్నాడు. నా ప్రశ్నలతో సహా రాసి, కవరు ఆఖరి బస్సు కండక్టరు చేతికిచ్చాను. పొద్దున పేపర్లో అధికారి మాటే శీర్షిక. నా ప్రశ్నలు లేవు. ప్రశ్నలు వార్త కావట, డెస్కులో పెద్దమనిషి తీర్పు. నలభై ఏళ్లయినా ఆ మంట చల్లారలేదు. ఇప్పటి సంపాదకులేమో కథకి ఉత్కంఠ కావాలి, పేలుడు కావాలి అని మీ తరాన్ని పాడుచేస్తున్నారు.

ప్రశ్న రాయి. ఎవరడిగారు, ఎన్ని గంటలకి, ఎదుటివాడు ఏమన్నాడు. 1961 జనవరిలో నార్త్ కరోలినాలోని గోల్డ్స్‌బరో దగ్గర బి-52 విమానం గాల్లోనే ముక్కలై రెండు హైడ్రోజన్ బాంబులు పడ్డాయి. వాటిలో ఒకదాన్ని పేలకుండా ఆపింది ఒక్క మామూలు స్విచ్ అని 1969లో ఒక ఆయుధ భద్రతా నిపుణుడు రాసిపెట్టాడు. అక్కడి సమాచార హక్కు చట్టం కింద ఒకరు అడిగాక, ఆ కాగితం 2013లో జనం కంటపడింది. ప్రమాదం జరిగిన యాభై రెండేళ్లకి! మన దగ్గరైతే 2000లో భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) విభాగాలని అణుశక్తి నియంత్రణ మండలి పరిధి నుంచి తప్పించారు. అక్కడి భద్రతని చూసుకునేది బార్క్ సొంత మండలే. దీని మీద ఎన్ని కథలొచ్చాయో చెప్పు.

పోటీకి పంపనా అని అడిగావు. ముందు ఆ జనరల్‌ని తీసెయ్. డమాస్కస్‌లో ఆ రాత్రి షెరీఫ్ (అక్కడి పోలీసు అధికారి) మనుషులు చుట్టుపక్కల ఇళ్లు ఖాళీ చేయించారు. నిద్రలో లేచి తలుపు తీసిన ముసలమ్మ "లోపల ఏముంది నాయనా?" అని అడిగితే గుమ్మంలో నిలబడ్డవాడు ఏమన్నాడో, అది రాసి నాకు పంపు.